కెనడాలో 730 రోజులు నిండలేదు, మా పీఆర్ నిలుస్తుందా?

ప్రశ్న: నాకు 43 ఏళ్లు. నేను, నా భార్య, అప్పటికి అయిదేళ్ల మా అమ్మాయి 2019 జూన్ 10న శాశ్వత నివాసులుగా టొరంటోలో దిగాము. ఆ నవంబరులో మాకు అక్కడే బాబు పుట్టాడు. నాన్నగారికి పక్షవాతం వచ్చిందని కబురు అందడంతో 2020 ఫిబ్రవరి 20న నలుగురమూ హైదరాబాద్ వచ్చేశాము. ఆ వెనకే కోవిడ్ వచ్చింది. నాన్నగారు 2022 నవంబరులో కాలం చేశారు. 2023 ఏప్రిల్ 5న మళ్లీ టొరంటో వెళ్లి ఇల్లు అద్దెకు తీసుకొని ఉద్యోగ ప్రయత్నాల్లో ఉండగా, అమ్మ జారిపడి తుంటి ఎముక విరిగింది. ఆగస్టు 30న తిరిగి వచ్చేశాము. ఆపరేషన్ తరువాత ఆమె మతిమరుపు జబ్బు బాగా ముదిరింది. అక్క ఇదే ఊళ్లో ఉన్నా ఆమె ఇంటి బాధ్యతలు ఆమెవి. అమ్మ మొన్న అక్టోబరులో పోయింది. ఇప్పుడు మేము వెళ్లి స్థిరపడాలనుకుంటున్నాము. మా పీఆర్ (శాశ్వత నివాస) కార్డుల గడువు 2024లోనే తీరింది. హోదా నిలవాలంటే అయిదేళ్లలో 730 రోజులు కెనడాలో ఉండాలట. మేము మొత్తం 404 రోజులు అక్కడ ఉన్నాము, 326 తక్కువయ్యాయి. కెనడా పౌరుడైన బాబుతో ఉన్న రోజులు లెక్కకు వస్తాయని ఒకరు, 2021 నుంచి నేను ఒక కెనడా సంస్థకు ఇక్కడున్న అనుబంధ కంపెనీలో చేస్తున్న ఉద్యోగం లెక్కకు వస్తుందని మరొకరు అంటున్నారు. మా ముగ్గురికీ అమెరికా సందర్శక వీసా ఉంది కాబట్టి అటునుంచి కారులో వెళ్లమని ఒక మిత్రుడు, పీఆర్ వదులుకొని మళ్లీ దరఖాస్తు చేసుకోమని ఇంకొకరు సలహా ఇస్తున్నారు. ఒక ఏజెంటు మాత్రం కార్డు లేకున్నా విమానం ఎక్కడానికి వీలిచ్చే ప్రయాణ పత్రం ఖాయంగా తెప్పిస్తానంటున్నాడు. 2024లో ఇక్కడ ఒక ఫ్లాట్ కొన్నాను, ఆ సంగతి కూడా చెప్పాలా? అసలు మా హోదా ఉన్నట్టా, పోయినట్టా?

సమాధానం: మీ చివరి ప్రశ్నకే ముందు జవాబు చెబుతాను. మీ ముగ్గురి శాశ్వత నివాస హోదా ఈ రోజుకీ ఉంది. పీఆర్ కార్డు ఆ హోదాకు గుర్తింపు పత్రం మాత్రమే కనుక, పాస్‌పోర్టు గడువు తీరినంత మాత్రాన పౌరసత్వం పోనట్టే, కార్డు గడువు తీరినంత మాత్రాన పీఆర్ పోదు. 2002 జూన్‌లో అమలులోకి వచ్చిన కెనడా వలస, శరణార్థుల రక్షణ చట్టంలోని 46వ సెక్షన్ హోదా ఎప్పుడు పోతుందో విడివిడిగా చెబుతుంది: పౌరసత్వం వచ్చినప్పుడు, దేశం బయట ఉన్న అధికారి నివాస నిబంధన నెరవేరలేదని ఇచ్చిన నిర్ణయం అప్పీళ్లన్నీ ముగిసి అంతిమమైనప్పుడు, తొలగింపు ఉత్తర్వు అమలులోకి వచ్చినప్పుడు, మీ అంతట మీరు వదులుకున్న దరఖాస్తును ఆమోదించినప్పుడు, ఇలా కొన్ని సందర్భాలున్నాయి. వీటిలో ఏదీ మీ విషయంలో జరగలేదు. రోజులు తక్కువయ్యాయన్నది నిజమే, కానీ ఒక అధికారి దాన్ని పరిశీలించి నిర్ణయం చేసేవరకు ఆ లోటు దానంతట అది హోదాను రద్దు చేయదు.

అయితే మీరు చెప్పిన 326 రోజులు మీ నిజమైన లోటు కాదు, అది ఇంకా పెద్దది. ఉత్తరంలో అన్నిటికంటే నన్ను కలవరపెట్టినది ఆ 404 అంకె. చట్టంలోని 28వ సెక్షన్ ప్రతి అయిదేళ్ల కాలంలో 730 రోజులు కావాలంటుంది. ఆ అయిదేళ్లను ఎక్కడి నుంచి కొలవాలన్న దగ్గరే చాలామంది పొరబడతారు. దిగి అయిదేళ్లు కాని వ్యక్తి విషయంలో, దిగిన నాటి నుంచి అయిదేళ్లు నిండేలోపు 730 రోజులు పూర్తి చేసే వీలు ఇంకా ఉందా అని చూస్తారు. అయిదేళ్లు దాటిన వ్యక్తి విషయంలో దిగిన తేదీతో ఇక పని లేదు, పరిశీలన జరిగే రోజు నుంచి వెనక్కి అయిదేళ్లు లెక్కిస్తారు. మీరు 2024 జూన్‌తోనే రెండో వర్గంలోకి వచ్చేశారు. ఈ 2026 జనవరిలో ఎవరైనా అధికారి మీ లెక్క తీస్తే ఆయన చూసేది 2021 జనవరి నుంచి ఇప్పటివరకు. మీ మొదటి విడత 256 రోజులూ ఆ అయిదేళ్ల కిటికీ బయట పడిపోయాయి. మిగిలినవి 2023 ఏప్రిల్ 5 నుంచి ఆగస్టు 30 వరకు ఉన్న 148 రోజులు మాత్రమే. మీ లోటు 582 రోజులు. దరఖాస్తులో గానీ, అధికారి ఎదుట గానీ 404 అని చెబితే మీరు అబద్ధమాడుతున్నారని ఎవరూ అనుకోకపోవచ్చు, కానీ నిబంధన తెలియకుండా వచ్చారన్న అభిప్రాయంతో సంభాషణ మొదలవుతుంది.

ఈ లెక్కలో మీకు అనుకూలమైన సంగతి కూడా ఒకటి ఉంది. ఆ 148 రోజులు 2028 ఏప్రిల్ వరకు కిటికీలోనే ఉంటాయి. మీరు ఈ ఏప్రిల్ 1న టొరంటోలో దిగి కదలకుండా ఉంటే 2027 నవంబరు 3కి 730 నిండుతాయి. సెప్టెంబరు 1 తరువాత దిగితే మాత్రం 730 నిండేలోపే 2023 నాటి రోజులు ఒక్కొక్కటిగా రాలిపోవడం మొదలవుతుంది, అప్పుడు లెక్క రెండేళ్ల వైపు జరుగుతుంది. దిగిన రోజు, బయలుదేరిన రోజు కూడా పూర్తి రోజులుగానే లెక్కకు వస్తాయి కనుక పైన చెప్పిన అంకెల్లో వాటిని కలిపాను. మీ ప్రయాణ వివరాలను పాస్‌పోర్టు ముద్రల మీద మాత్రమే ఆధారపడి రాయవద్దు. కెనడా సరిహద్దు సేవల సంస్థ దగ్గర మీ రాకపోకల నమోదు ఉంటుంది, శాశ్వత నివాసిగా దాని ప్రతిని అడిగి తీసుకునే హక్కు మీకుంది. అధికారి ముందున్న కాగితంలో ఏముందో మీకు కూడా తెలిసి ఉండడం మంచిది.

బాబు విషయంలో మీకు ఎవరో తలకిందులుగా చెప్పారు. కెనడా పౌరుడైన భర్త లేదా భార్యతో, లేక కలిసి జీవిస్తున్న భాగస్వామితో విదేశంలో ఉన్న రోజులు పీఆర్ ఉన్న వ్యక్తికి లెక్కకు వస్తాయి. పౌరులైన తల్లి లేదా తండ్రితో విదేశంలో ఉన్న రోజులు పీఆర్ ఉన్న పిల్లలకు లెక్కకు వస్తాయి. పౌరుడైన బిడ్డతో ఉన్న రోజులు తల్లిదండ్రులకు లెక్కకు రావు. చట్టం ఈ దారిని ఒకవైపే తెరిచింది. మీ బాబు మీకు రోజులు ఇవ్వలేడు, కానీ మరో విధంగా మీ కేసులో అతని బరువు చాలా ఉంది, దాని దగ్గరికి వస్తాను.

ఉద్యోగం కూడా అంతే. కెనడా సంస్థకు విదేశంలో చేసిన పూర్తికాల ఉద్యోగం లెక్కకు వస్తుందన్న మాట నిజమే, కానీ ఆ చట్టం కింద చేసిన నిబంధనల్లోని 61వది దానికి గట్టి హద్దులు గీసింది. మీరు కెనడాలో నిజంగా వ్యాపారం నడుపుతున్న సంస్థకు ఉద్యోగిగానో, కాంట్రాక్టు మీద సేవలందించే వ్యక్తిగానో ఉండి, ఆ ఉద్యోగ షరతుల్లో భాగంగా ఆ సంస్థే మిమ్మల్ని బయటి దేశంలోని స్థానానికో, అనుబంధ సంస్థకో, ఖాతాదారు దగ్గరికో పూర్తికాలం పని మీద పంపి ఉండాలి. మీరు 2021లో హైదరాబాద్‌లో ఉంటూ హైదరాబాద్ కంపెనీలో చేరారు. నియామక పత్రం ఇక్కడిది, జీతం ఇక్కడిది, కెనడా నుంచి మిమ్మల్ని పంపినవారు ఎవరూ లేరు. మాతృసంస్థ పేరు చూపించి ఈ వాదన చేస్తే అది నిలవదు. నిలవకపోవడంతో ఆగకుండా మీ మిగతా నిజమైన కారణాల మీద కూడా అనుమానపు నీడ పడుతుంది. ఈ రెండు వాదనలనూ ఇక్కడే వదిలేయండి.

2023 ఏప్రిల్‌లో టొరంటో విమానాశ్రయంలో మిమ్మల్ని ఎవరూ ఏమీ అడగలేదన్న ధైర్యం మీకు లోపల ఉండి ఉండవచ్చు. ఆ రోజున లెక్క చూసి ఉంటే ఏం తేలేదో చెబుతాను. అప్పటికి మీకు 256 రోజులున్నాయి, అయిదేళ్లు నిండడానికి ఆ రోజుతో కలిపి 432 రోజులు మిగిలున్నాయి. రెండూ కలిపినా 688. అంటే మీరు దిగిన క్షణానికే 730 చేరడం అసాధ్యమైపోయింది. అధికారి లోపలికి పంపారంటే నివాస నిబంధన విషయంలో మీకు అనుకూలంగా నిర్ణయించారని అర్థం కాదు, ఆ ప్రశ్న ఆ రోజు ఎవరూ ఎత్తలేదంతే. ఈసారి ఎత్తుతారనుకొని సిద్ధపడండి.

ఇక రోజుల లెక్కతో గెలిచే దారి మీకు లేదు కాబట్టి మిగిలింది 28వ సెక్షన్‌లోనే ఉన్న మరో ఉపనిబంధన. మానవతా, సానుభూతి కారణాలను, నిర్ణయం ప్రభావం నేరుగా పడే పిల్లల శ్రేయస్సును లెక్కలోకి తీసుకొని, హోదా నిలుపుకోవడం న్యాయమని అధికారి భావిస్తే అంతకుముందటి లోటు అడ్డురాదని అది చెబుతుంది. అక్కడి మనవాళ్లు హెచ్ అండ్ సీ అని పొట్టిగా పిలిచేది దీన్నే. ఈ విషయంలో 1985 నాటి రిబిక్ కేసు నుంచి అప్పీలు సంస్థలు చూస్తూ వచ్చిన అంశాలు ఇంచుమించు స్థిరంగా ఉన్నాయి: లోటు ఎంత, దేశం విడిచి ఎందుకు వెళ్లారు, బయట అంతకాలం ఎందుకు ఉండిపోయారు, వీలు దొరికిన మొదటి అవకాశంలోనే తిరిగి రావడానికి ప్రయత్నించారా, కెనడాలో వేళ్లూనుకున్నారా, అక్కడ కుటుంబం ఉందా, హోదా పోతే ఎవరికి ఎంత కష్టం, పిల్లల మాటేమిటి. మామూలు కష్టం కాకుండా అసాధారణమైన కష్టం రుజువు చేస్తేనే ఊరట అన్నట్టు యాంత్రికంగా చూడకూడదని, పిల్లల శ్రేయస్సును పైపైన తడిమి వదలకూడదని 2015లో కాంతసామి కేసులో కెనడా సుప్రీంకోర్టు చెప్పింది. మీ వకీలుకు ఈ రెండు పేర్లూ తెలిసే ఉంటాయి.

ఈ కొలబద్దతో మీ ఆరేళ్లను కొలిస్తే ఒక్కో కాలం ఒక్కోలా తూగుతుంది. నాన్నగారి జబ్బు మొదలైనప్పటి నుంచి ఆయన పోయేవరకు ఉన్న కాలానికి కారణం గట్టిదే. ఆయన వెళ్లిపోయిన అయిదు నెలలకే మీరు సంసారమంతా తీసుకొని టొరంటో వెళ్లి ఇల్లు అద్దెకు తీసుకోవడం మీ కేసులో అన్నిటికంటే విలువైన సంగతి. తిరిగి వెళ్లాలన్న కోరిక మీ నోటి మాటగా మిగిలిపోకుండా మీరు చేసిన పనిలో కనబడుతుంది. ఆనాటి అద్దె ఒప్పందం, బ్యాంకు వివరాలు, అమ్మాయిని బడిలో చేర్చి ఉంటే ఆ కాగితాలు, ఉద్యోగ దరఖాస్తులకు వచ్చిన జవాబులు ఒక్కటి కూడా పారేయకండి. అమ్మగారి ప్రమాదం, తరువాతి జబ్బు, గత అక్టోబరులో మరణం మీ రెండో విడత గైర్హాజరీని దాదాపుగా కప్పుతాయి. ఆమె పోయి మూడు నెలలే అయింది కనుక ఇప్పుడు బయలుదేరితే మొదటి అవకాశంలోనే వచ్చామన్న మాట అతుకుతుంది. ఇల్లు అమ్మాలి, అమ్మాయి పరీక్షలు కావాలి అంటూ ఏడాది గడిపితే అదే మాట పలచబడిపోతుంది.

కోవిడ్‌ను మాత్రం జాగ్రత్తగా వాడండి. భారత్ నుంచి మామూలు అంతర్జాతీయ విమానాలు 2020 మార్చి చివరి వారం నుంచి 2022 మార్చి 27 వరకు ఆగిపోయాయన్నదీ, కెనడా కూడా 2021 ఏప్రిల్ 22 నుంచి ఆ సెప్టెంబరు చివరి వరకు భారత్ నుంచి నేరుగా వచ్చే విమానాలను నిలిపివేసిందన్నదీ నిజం. కానీ ఆ కాలమంతటా శాశ్వత నివాసులకు కెనడాలో ప్రవేశం మూసుకుపోలేదు, ప్రత్యేక విమానాలు, మూడో దేశం మీదుగా దారులు ఉండేవి. కష్టపడి అలా వెళ్లినవాళ్లను చూసిన అధికారికి, కోవిడ్ వల్ల రాలేకపోయామన్న ఒక్క వాక్యం తృప్తినివ్వదు. కదలలేని తండ్రిని ఆ రోజుల్లో వదిలి వెళ్లే వీలు లేకపోయిందన్నది మీ అసలు కారణం, దాన్నే ముందు పెట్టి కోవిడ్‌ను వెనక ఉంచండి.

బలహీనమైన చోట్లు కూడా చెప్పక తప్పదు. అక్క బాధ్యతలు అక్కవి అని మీరు రాసిన వాక్యం మన ఇళ్లలో అందరికీ అర్థమవుతుంది, కెనడా అధికారికి అర్థం కాదు. తల్లిదండ్రులను చూసుకోవడం కొడుకు వంతు అన్న మన ఆనవాయితీ ఆయనకు కారణంగా కనబడదు, అదే ఊళ్లో ఉన్న కూతురు ఎందుకు చూసుకోలేకపోయిందన్నదే ప్రశ్నగా కనబడుతుంది. అందువల్ల మీ అక్కగారి చేత, ఆమె ఇంటి పరిస్థితి ఏమిటో, అమ్మగారికి రోజూ ఎవరు ఏం చేసేవారో వివరంగా ప్రమాణపత్రం రాయించండి. పనిమనిషినో, నర్సునో పెట్టుకున్నారా, పెట్టినా ఎందుకు చాలలేదన్నది కూడా అందులో ఉండాలి. వైద్యుడి లేఖ అమ్మగారికి ఫలానా జబ్బు ఉందని చెబితే చాలదు, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు ఎవరి తోడు లేకుండా ఉండలేని స్థితో చెప్పాలి. ఆసుపత్రి కాగితాలు చాలావరకు ఇంగ్లీషులోనే ఉంటాయి కానీ, తెలుగులో ఉన్న ప్రతి కాగితానికీ ఇంగ్లీషు లేదా ఫ్రెంచి అనువాదం, అనువాదకుడి ప్రమాణపత్రం జతచేయాలి. కుటుంబ సభ్యులు చేసిన అనువాదం చెల్లదు.

రెండో బలహీనత ఆ ఫ్లాట్. చెప్పాలా అని అడిగారు. అడిగితే తప్పకుండా చెప్పాలి, అడగకపోయినా మీ వివరణలో మీరే చెప్పడం మేలని నా అభిప్రాయం. కెనడాకు తిరిగి వెళ్లాలనుకుంటున్న మనిషి 2024లో హైదరాబాద్‌లో ఇల్లెందుకు కొన్నాడన్నది న్యాయమైన ప్రశ్నే. మెట్లెక్కలేని అమ్మ కోసం లిఫ్టు ఉన్న ఇల్లు కావలసి వచ్చిందో, డబ్బు దాచుకోవడానికి కొన్నారో నాకు తెలియదు, నిజం ఏదైతే అదే రాయండి. దాచిన సంగతి బయటపడితే చిక్కు ఫ్లాట్‌తో ఆగదు. ముఖ్యమైన విషయాన్ని దాచడం, తప్పుగా చెప్పడం చట్టంలోని 40వ సెక్షన్ కిందికి వస్తుంది. ఆ ముద్ర పడితే అయిదేళ్లపాటు కెనడా గుమ్మం తొక్కే అర్హత పోతుంది. రోజుల లోటుకు క్షమాపణ దొరికే దారి చట్టంలోనే ఉంది, అబద్ధానికి దొరకడం చాలా కష్టం.

మీ కుటుంబానికంతటికీ ఒకే కేసు అని కూడా అనుకోకండి. మీ భార్య, అమ్మాయి ఇద్దరి హోదాలనూ వేర్వేరుగా పరిశీలిస్తారు. నాన్నగారిని చూసుకోవడానికి మీరు వచ్చారు సరే, పిల్లలతో ఆమె అక్కడే ఎందుకు ఉండలేకపోయిందని మీ భార్యను అడగవచ్చు. మూడు నెలల పసివాడిని, అయిదేళ్ల పిల్లను పెట్టుకొని, జీతం లేకుండా, ఆ చలిదేశంలో ఒంటరిగా ఉండలేకపోయానన్నది సమంజసమైన జవాబే, కానీ అది ఆమె మాటల్లో, ఆమె సంతకంతో రావాలి. అమ్మగారి సేవలో ఆమె వంతు ఎంతో కూడా అందులో ఉండాలి, మన వివరణల్లో కోడలి చాకిరీ ఎప్పుడూ లెక్కలోకి రాకుండా పోతుంది. మీ అమ్మాయి కేసు ముగ్గురిలోకీ మెరుగైనది, ఎందుకంటే ఎక్కడ ఉండాలో నిర్ణయించుకునే వయసు ఆమెకు లేదు, తల్లిదండ్రుల నిర్ణయానికి బిడ్డను బాధ్యురాలిని చేయడానికి అధికారులు సాధారణంగా ఇష్టపడరు. బాబు కెనడా పౌరుడు. తన దేశంలో అడుగుపెట్టే, ఉండే హక్కు అతనికి రాజ్యాంగం ఇచ్చింది, ఆరేళ్ల పిల్లవాడు అమ్మానాన్నలు లేకుండా ఆ హక్కును వాడుకోలేడు. పిల్లల శ్రేయస్సు అన్న మాట మీ కేసులో అలంకారం కాకుండా నిజమైన బరువుతో నిలిచేది ఇక్కడే.

ఇప్పుడు దారి సంగతి. కార్డు లేకుండా మీరు ఇక్కడి నుంచి కెనడాకు విమానం ఎక్కలేరు. చెల్లుబాటయ్యే కార్డు గానీ, శాశ్వత నివాసి ప్రయాణ పత్రం గానీ లేనివారిని విమాన సంస్థలు ఎక్కించుకోవు. పీఆర్‌టీడీ అని పిలిచే ఈ పత్రానికి దేశం బయటి నుంచే దరఖాస్తు చేయాలి, మనిషికి 50 కెనడా డాలర్ల రుసుము ఉంటుంది. దీనికి దరఖాస్తు చేయడమంటే, నా నివాస నిబంధనను పరిశీలించి నిర్ణయం చెప్పండని మీరే అడగడం. మానవతా కారణాలను అంగీకరిస్తే పాత లోటు తీరినట్టే, మీరు తలెత్తుకొని ప్రయాణం చేయవచ్చు. తిరస్కరిస్తే 60 రోజుల్లో ఇమిగ్రేషన్ అప్పీల్ డివిజన్‌కు అప్పీలు చేసుకోవచ్చు, అది తేలేవరకు హోదా నిలిచే ఉంటుంది, కానీ మీరు ఉండేది మాత్రం ఇక్కడే. అప్పీలు పెండింగులో ఉన్నవారికి ప్రయాణ పత్రం ఇచ్చే వెసులుబాటు ఒకటి చట్టంలో ఉంది, అయితే అది గడచిన 365 రోజుల్లో ఒక్కసారైనా కెనడాలో ఉన్నవారికే. మీరు అక్కడి నుంచి వచ్చి రెండేళ్లు దాటింది.

మీ మిత్రుడు చెప్పిన దారి చట్టవిరుద్ధం కాదు. కార్డు చూపాలన్న నియమం విమానం, రైలు, బస్సు, ఓడ వంటి వాణిజ్య వాహనాల ప్రయాణికులకు వర్తిస్తుంది. సొంత కారులోనో, తెలిసినవారి కారులోనో, అద్దె కారులోనో భూసరిహద్దుకు చేరిన మనిషి శాశ్వత నివాసి అని అధికారికి నమ్మకం కుదిరితే, 19వ సెక్షన్ ప్రకారం లోపలికి రానివ్వాల్సిందే. గడువు తీరిన కార్డు, మొదటిసారి దిగినప్పుడు ఇచ్చిన శాశ్వత నివాస ధ్రువీకరణ పత్రం వెంట ఉండాలి. ఎవరూ అడగరన్న మాటను మాత్రం పక్కన పెట్టండి. అడగకపోవచ్చు, అడగవచ్చు. అడిగితే లెక్క తేల్చి, మానవతా కారణాలు విని, అవి చాలవనుకుంటే అధికారి 44వ సెక్షన్ కింద నివేదిక రాస్తారు. దాన్ని చూసిన పై అధికారి కూడా అంగీకరిస్తే దేశం విడిచి వెళ్లాలన్న ఉత్తర్వు ఇస్తారు. ఈ మాట వినగానే గుండె జారుతుంది గానీ, ఆ రోజు మిమ్మల్ని వెనక్కి తిప్పి పంపరు. 30 రోజుల్లో అప్పీలు చేస్తే అది తేలేవరకు ఆ ఉత్తర్వు అమలులోకి రాదు. ఆ కాలమంతా శాశ్వత నివాసులుగానే కెనడాలో ఉంటారు, ఉద్యోగం చేసుకుంటారు, పిల్లలు బడికి వెళతారు. విచారణ నాటికి ఉన్న పరిస్థితులన్నిటినీ అప్పీలు విభాగం చూస్తుంది కనుక ఆ స్థిరపడడం కూడా మీ పక్షానే నిలుస్తుంది. ఒక్క ఇబ్బంది ఏమిటంటే, నివేదిక రాసిన తరువాత గడిపిన రోజులు, చివరకు మీకు అనుకూలంగా తేలితే తప్ప 730లోకి రావు.

రెంటిలో ఏది అని మీరు అడుగుతారు. నిజంగా వెళ్లి స్థిరపడే ఉద్దేశం ఉంటే, మీ పరిస్థితిలో నేను భూసరిహద్దు వైపే మొగ్గుతాను. ప్రయాణ పత్రం దారిలో మిమ్మల్ని ఎన్నడూ చూడని అధికారి కాగితాల కట్టను మాత్రమే చూసి తేలుస్తారు, ఓడిపోతే పోరాటం వేల మైళ్ల దూరం నుంచి చేయాలి. సరిహద్దు దారిలో అత్యంత చెడ్డ ఫలితం వచ్చినా పోరాటం కెనడాలో ఉండి చేస్తారు. అయితే ఈ సలహాకు రెండు షరతులున్నాయి. పైన చెప్పిన కాగితాలన్నీ సర్దుకొని, అడిగిన ప్రతి ప్రశ్నకూ ఉన్నదున్నట్టు చెప్పడానికి సిద్ధపడి వెళ్లాలి, అమెరికా అధికారికి కూడా కెనడాకు దారిలో వెళుతున్నామనే చెప్పాలి. నలుగురూ ఒకేసారి, ఉండిపోవడానికే వెళ్లాలి. ఒక కాలు ఇక్కడ, ఒక కాలు అక్కడ పెట్టి, దిగి వచ్చేద్దామనుకుంటే అసలు వెళ్లకండి, ఆ పని 2019 నుంచి ఇప్పటికే మీకు రెండుసార్లు జరిగింది, అప్పుడు విధి చేసింది, ఇప్పుడు చేస్తే మీరు చేసినట్టవుతుంది.

నివేదిక లేకుండా లోపలికి వెళ్లగలిగితే ఆ రోజు నుంచి ఓపికే మీ పని. 730 నిండేవరకు కొత్త పీఆర్ కార్డుకు దరఖాస్తు చేయకండి, ఎవరినీ స్పాన్సర్ చేయకండి, ఏ ఒక్కటి చేసినా మీ రోజుల లెక్క బయటికి వస్తుంది. దేశం దాటకండి. కార్డు లేకపోయినా ఉద్యోగం చేసే హక్కు ఉంటుంది, మీ పాత సోషల్ ఇన్సూరెన్స్ నంబరు అలాగే పనిచేస్తుంది, కానీ ఆరోగ్య కార్డు కార్యాలయంలో చెల్లుబాటయ్యే పీఆర్ కార్డు అడిగి తిప్పలు పెట్టవచ్చు. ఆ ఏడాదిన్నర కాలానికి ప్రైవేటు ఆరోగ్య బీమా ఖర్చును ముందే లెక్కలో వేసుకోండి. పౌరసత్వం ఆలోచన ఇప్పుడు వద్దు, దానికి అయిదేళ్లలో 1,095 రోజులు కావాలి.

హోదా వదులుకొని మళ్లీ దరఖాస్తు చేయడం కొందరికి మంచి సలహానే, తిరిగి వెళ్లే ఉద్దేశం లేక, సందర్శక వీసా మీద పిల్లల్ని చూసి రావాలనుకునే పెద్దవాళ్లకు అది సులువైన దారి. మీకు కాదు. కొత్తగా పీఆర్ కోరేవారిని పాయింట్ల మీద ఎంపిక చేసే ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో వయసుకు వచ్చే పాయింట్లు ఏటా తరుగుతూ 45 నిండేసరికి సున్నా అవుతాయి, మీకు 43.

ఖాయంగా తెప్పిస్తానన్న ఏజెంటు గురించి ఎక్కువ చెప్పను. అధికారి విచక్షణ మీద ఆధారపడిన నిర్ణయాన్ని ఖాయం చేయగల మనిషి లేడు. డబ్బు తీసుకొని ఇలాంటి కేసుల్లో సలహా ఇవ్వడానికి కెనడా న్యాయవాదులకు, అక్కడి న్యాయవాద సంఘాల్లో నమోదైన పారాలీగల్స్‌కు, క్యూబెక్ నోటరీలకు, 2021 నుంచి అక్కడి కన్సల్టెంట్లను నియంత్రిస్తున్న కాలేజ్ అనే సంస్థలో నమోదైనవారికి మాత్రమే అనుమతి ఉంది, ఆ జాబితా ఎవరైనా చూడవచ్చు. మీ లోటు పెద్దది, అప్పీలు దాకా వెళ్లే అవకాశం ఉన్నది, కాబట్టి ప్రయాణానికి ముందే నివాస నిబంధన అప్పీళ్లు వాదించిన ఒక న్యాయవాదితో గంట మాట్లాడి, మీ వివరణను ఆయన చేత దిద్దించుకోండి.

ఒక చిన్న పని ఈ వారమే మొదలుపెట్టండి. పదహారేళ్ల లోపు పిల్లలకు కెనడా పాస్‌పోర్టు అయిదేళ్లకు మించి ఇవ్వరు, మీ బాబుది పుట్టిన కొత్తలో తీసుకున్నదైతే దాని గడువు ఎప్పుడో తీరిపోయి ఉంటుంది. అది చేతికి రానిదే మీ నలుగురి ప్రయాణానికీ తేదీ పెట్టుకోలేరు.